మామ ఆడని ఆట

ఆరేళ్లుగా ఒక మాట నా మీద కూర్చుని ఉంది. ఒకే ఒక్క మాట. ఎత్తి పక్కన పెట్టడం నాకు చేతకాలేదు. తట్టలతో బొగ్గు మోసిన వాళ్ల ఇంట్లో పుట్టాను. బొగ్గు బావిలో కేబులు చుట్టలు భుజాన వేసుకుని నడిచాను. బరువుల గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. కానీ ఇది వేరే రకం. షిఫ్టు అయిపోయినా ఇది దిగదు.

మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. చదివి నన్ను మంచివాడనుకోవద్దు. తప్పు ఒప్పుకున్నవాడు సగం మంచివాడని లోకం అంటుంది. ఆ సగం నాకు అక్కర్లేదు. ఇంకో సంగతి. ఎవరికి అన్యాయం చేశానో ఆ మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పూర్తిగా పోలేదు. తప్పు నాదే అయినా పోలేదు. ఆ సంగతి దాచి మిగతాదంతా చెబితే మళ్లీ అబద్ధమే చెప్పినట్టు.

ఆ మనిషి నా మరదలు మమత. నా భార్య స్వరూపకు సొంత చెల్లెలు. నేను భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్ని. మేముండేది సెంటినరీ కాలనీలో, కంపెనీ క్వార్టర్లో. మామ, అంటే స్వరూప తండ్రి, కోల్ ఫిల్లర్‌గా పనిచేసి రిటైరయ్యాడు. తట్టతో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపడం ఆయన పని. రిటైరయ్యాక కమాన్‌పూర్ అవతల తన ఊళ్లో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. కొడుకుల్లేరు. ఇద్దరూ ఆడబిడ్డలే, నేను పెద్దల్లుణ్ని. కొడుకుల్లేని ఇంట్లో పెద్దల్లుడి మాట ఎంత చెల్లుతుందో మా వైపు అందరికీ తెలుసు. మోటారు కాలినా, చుట్టం పోయినా, బర్రె ఈనినా మొదటి ఫోను నాకే వచ్చేది. విసుక్కుంటూ వెళ్లేవాణ్ని. ఫోను రాని రోజు ఇంకా ఎక్కువ విసుక్కునేవాణ్ని.

మమత మీద కోపం ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తుంది. నా తమ్ముడు తిరుపతికి ఆమెను చేసుకుందామని అనుకున్నాం. అక్కచెల్లెళ్లను అన్నదమ్ములకు ఇవ్వడం మాలో మామూలే. మా అమ్మ మాట అడగడానికి వెళ్లింది, తోడు నేనూ వెళ్లాను. మామ మెత్తబడ్డాడు. అత్త చాయ్ తెచ్చింది. మమత వంటింటి గడప దగ్గర నిలబడి, గొంతు కూడా పెంచకుండా, "మీ ఇంట్ల చాకిరికి అక్క ఒక్కతి సాల్తలేదా?" అంది.

అంతే అంది. సగం తాగిన చాయ్ కింద పెట్టేశాను. ఆ మాట అబద్ధమైతే నవ్వి ఊరుకునేవాణ్ని. పెళ్లైన నాటి నుంచి స్వరూప మా అమ్మకు, నాకు, తమ్ముడికి వేళ కాని వేళల్లో వండిపెడుతూ, మూడు షిఫ్టులకు మూడు రకాల టిఫిన్లు కడుతూ నడుము విరగ్గొట్టుకుంది. వాడకట్టు మొత్తానికి ఆ సంగతి తెలుసు. నా ముఖం మీద అన్నది మాత్రం ఇరవై రెండేళ్ల ఆ పిల్ల ఒక్కతే. తిరుపతి ఏడాది తిరక్కుండా వేరే సంబంధం చేసుకున్నాడు, హాయిగా ఉన్నాడు. ఎప్పుడైనా నేను ఆ ముచ్చట ఎత్తితే నవ్వేవాడు, ఇంకా అదే పట్టుకుని కూర్చున్నావా అనేవాడు. మరి నేను ఎవరి అవమానాన్ని అన్నేళ్లు కడుపులో పెట్టుకున్నాను? తమ్ముడిదనే అనుకున్నాను. తమ్ముడిది కాదు.

మమత నర్సు చదువు చదివింది. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో కొన్నాళ్లు చేసింది. తర్వాత జపాన్ భాష నేర్చుకుని, అక్కడి ముసలివాళ్లను చూసుకునే ఆశ్రమంలో పనికి వెళ్లింది. మా వైపు నుంచి దుబాయి, మస్కట్ పోయినవాళ్లున్నారు గానీ జపాన్ పోయినవాళ్లు లేరు, అందులోనూ ఆడపిల్ల. ఊరంతా గొప్పగా చెప్పుకున్నారు. నేను మాత్రం దొరికిన చోటల్లా, ముసలోళ్ల మంచాలు దులపడానికి సముద్రాలు దాటాలా అన్నాను. మామ ముందు కూడా అన్నాను. ఆయనది అల్లుడితో వాదించే స్వభావం కాదు.

ఆమె వెళ్లిన మరుసటేడు మామకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది, కుడి కాలు ఈడ్చేవాడు, మూతి కొంచెం వంకరపోయింది. ఆ రోజు ఆయన్ను ఇంట్లోంచి జీపు దాకా ఎత్తుకుని వెళ్లింది నేనే. దవాఖానలో పన్నెండు రోజులు కింద చాప వేసుకుని పడుకుంది నేనే. గడ్డం గీశాను. పంచె మార్చాను. ఇవి గొప్పలు కావు, జరిగినవి. చుట్టాలు వచ్చి, కన్న కొడుకు కూడా ఇంత చెయ్యడు అని వెళ్లేవాళ్లు. నాకు ఆ మాట ఎంత బాగుండేదో ఎట్లా చెప్పాలి. మామ మీద నిజంగా ప్రేమ ఉంది. ఆ మాట మీద అంతకంటే ఎక్కువ ప్రేమ ఉండేదేమో.

మూడు నెలల తర్వాత మమతకు రెండు వారాల సెలవు దొరికింది. వచ్చింది. ఆమె ఇంట్లో అడుగు పెట్టిన క్షణం నుంచి మామ కళ్లు ఆమె వెనకే తిరిగాయి. మందులు ఎట్లా వెయ్యాలో ఆమే, ఎట్లా కూర్చోబెట్టాలో ఆమే. నేను చేసిన పద్ధతులన్నీ ఒక్కొక్కటే మార్చింది. మర్యాదగానే మార్చింది. అదే నాకు ఇంకా మండింది.

ఆమె చేతి సంచిలో ఒక డబ్బా తెచ్చింది. టీవీకి తగిలించి ఆడుకునే వీడియో గేము. తెల్లది, పుస్తకమంత ఉంటుంది. దానితో పాటు ఒక రిమోటు, దానికి మణికట్టుకు కట్టుకునే తాడు. రిమోటు పట్టుకుని చెయ్యి ఊపితే టీవీలో బంతి దొర్లుతుంది, దూరంగా నిలబెట్టిన సీసాల్లాంటివి పడిపోతాయి. ఆమె పనిచేసే చోట మామలాగే చెయ్యి పడిపోయిన ముసలాయన ఒకాయన ఉండేవాడట. కసరత్తు చెయ్యమంటే తల తిప్పుకునేవాడట. ఈ ఆట పెడితే మాత్రం కుర్చీలోనే కూర్చుని గంటసేపు చెయ్యి ఊపేవాడట. నాలుగు నెలల్లో గ్లాసు ఎత్తాడట. కొత్తగా వచ్చే వాటిలో ఇంత తేలికైన ఆట లేదని, వాడిన వస్తువులు అమ్మే దుకాణాలు నాలుగు తిరిగి, అచ్చం అలాంటిదే పాతది వెతికి కొన్నది. మొదటి ఆరు నెలల్లో కదిలిస్తేనే చెయ్యి వస్తుంది, తర్వాత కష్టం అని ఆమె అందరికీ చెప్పింది. అంటే ఇంకా మూడు నెలలే ఉన్నాయి. ఈ లెక్క నేను విన్నాను. విని గుర్తు కూడా పెట్టుకున్నాను.

మామ మహా సంబరపడ్డాడు. వయసులో ఉన్నప్పుడు కంపెనీ ఆటల పోటీల్లో ఇనుప గుండు విసిరి కప్పులు గెలిచిన మనిషి. రబ్బరు బంతి చేతిలో పెట్టి పిసకమంటే చిన్న పోరల పని అని విసిరికొట్టేవాడు. ఈ ఆట గురించి వినగానే, ఎన్ని పడగొడితే గెలిచినట్టు అని వంకర మూతితోనే అడిగాడు.

శనివారం నేను మొదటి షిఫ్టు దిగి వచ్చి అన్నం తింటున్నాను. మమత మా క్వార్టరుకు వచ్చింది. ఆ గేముకు కరెంటు ఇచ్చే అడాప్టరు చేతిలో పట్టుకుని వచ్చింది. బూడిద రంగు, చిన్న ఇటుకంత ఉంది.

"బావా, గిది జర సూడవా," అంది. "జపాన్ల కరెంటు తక్కువ ఉంటదంట. మన కరెంటుకు పెడితె ఏమన్నయితదా?"

చెయ్యి కడుక్కుని వచ్చి తీసుకున్నాను. వెనక్కి తిప్పాను. చిన్న అక్షరాల మధ్య వంద వోల్టులని ఉంది. వంద పక్కన గీత పెట్టి రెండు వందల నలభై అని కూడా ఉంటే మన దగ్గర పెట్టినా ఏమీ కాదు, ఫోను చార్జర్లకు అట్లాగే ఉంటుంది. దీనికి లేదు. వంద ఒక్కటే ఉంది. వేలితో రుద్ది మళ్లీ చదివాను.

"నడుస్తది," అన్నాను.

"గదేందో వంద అని రాసున్నది గద బావా."

"గది ఆళ్ల లెక్క. ఈడ పిన్ను మారిస్తె సాలు. మార్కెట్ల దొరుకుతది, తెచ్చుకో."

"నువ్వు సూసినంక ఇగ నాకేం ఫికర్," అంది. అక్కతో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయింది.

తెలియక చెప్పానేమో అని మీరు అనుకోవచ్చు. ఆ దారి నాకు లేదు. మన ఇళ్లలో ఉండేది రెండు వందల ముప్పై వోల్టులు. వందకు చేసిన దానికి అది ఇస్తే కాలిపోతుంది. పిన్ను మారిస్తే గోడలో దూరుతుంది గానీ కరెంటు తగ్గదు. ఇది తెలియని వాళ్లు లక్షల్లో ఉంటారు. నేను వాళ్లలో ఒకణ్ని కాను. బావిలో బొగ్గుకు రంధ్రాలు వేసే చేతి డ్రిల్లులు నడిచేది తక్కువ వోల్టేజీ మీదే. చుట్టూ నీళ్లుంటాయి, కేబులు నలిగినా మనిషి చావకూడదని పైనుంచి వచ్చే కరెంటును ట్రాన్స్‌ఫార్మర్‌తో దించి ఇస్తాం. ఆ దించే పెట్టెను ప్రతి షిఫ్టులో చూడటం నా పని. అదే నా జీతం. ఆ ఇటుకకు ముందు పెట్టాల్సిన చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌ను గోదావరిఖనిలో మోటారు వైండింగ్ చేసే ఎవరికి చెప్పినా ఒక్క పూటలో చుట్టి ఇస్తాడు. అలాంటి వాళ్లు నలుగురు నాకు తెలుసు. ఒకడు మా వీధి చివరే ఉంటాడు.

మరి ఎందుకు అన్నాను? ఎన్నిసార్లు అడుక్కున్నానో. మామ చెయ్యి రావద్దని అనుకున్నానా? లేదు, ప్రమాణం చేసి చెప్పగలను. నలుగురి ముందు ఆమె పెట్టిన స్విచ్చుకు టప్పుమనాలి, ఆమె ముఖం మాడాలి, ఆ రోజు వంటింటి గడప దగ్గర నా ముఖం ఎట్లా మాడిందో అట్లా. అంతవరకే చూశాను. దాని వెనక కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూడలేదు. చూడలేదా, చూడటానికి ఇష్టపడలేదా? ఇది కూడా తేల్చుకోలేకపోయాను.

మరునాడు ఆదివారం. ఆదివారం డ్యూటీని మా దగ్గర ప్లేడే అంటారు. రెట్టింపు జీతం కాబట్టి అందరూ దానికోసం ఎగబడతారు. ఆ వారం నా వంతు కాదు. అయినా వేరేవాణ్ని బతిమాలి రాయించుకుని బావిలోకి దిగాను. అక్కడ ఉండకూడదని దిగాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెవులు వేడెక్కుతున్నాయి. మాట చెప్పిన మనిషి పక్కన నిలబడే ధైర్యం కూడా లేకపోయింది.

జరిగింది స్వరూప చెప్పింది. చుట్టుపక్కల వాళ్లు వచ్చారట. మామకు తెల్ల బనీను తొడిగి కుర్చీలో కూర్చోబెట్టారట. మమత ఆయన కుడి చేతి వేళ్లను ఒక్కొక్కటే మడిచి రిమోటు చుట్టూ పెట్టి, జారకుండా చేతిరుమాలుతో కట్టిందట. స్విచ్చు వేసింది. టప్పున చప్పుడు, కాలిన వాసన, సన్నటి పొగ. మామ భయపడలేదట. ఆట మొదలైందనుకుని చెయ్యి ఊపాడట.

సాయంత్రం మమత గేము డబ్బా, అడాప్టరు రెండూ పట్టుకుని మళ్లీ మా ఇంటికే వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. ఆమె అడగకముందే, కొత్తదానికైతే నా మాట సరిపోయేది, ఎవడో వాడి పారేసింది తెస్తే నేనేం చెయ్యాలె అన్నాను. ముందే తయారు చేసి పెట్టుకున్న మాట అది. ఆమె తల ఊపింది. పాతది కొనడమే తన తప్పంది. బాగు చెయ్యమని రెండూ నా దగ్గర వదిలి వెళ్లింది.

ఇప్పుడు అసలు తప్పు చెబుతాను. ఇప్పటిదాకా చెప్పింది ఒక క్షణం బుద్ధి గడ్డి తినడం. తర్వాతది అట్లా కాదు.

ఆ ఇటుకను విప్పాను. లోపల ఫ్యూజు, ఇంకో చిన్న ముక్క కాలాయి. కరెంటు అక్కడే ఆగిపోయింది. గేము డబ్బాకు వెళ్లే తీగ మీద పన్నెండు వోల్టులని రాసి ఉంది. పన్నెండు వోల్టుల అడాప్టరు మా ఇంట్లో టీవీ పెట్టె వెనకే ఉంది. దాని రెండు తీగలు తెచ్చి తగిలించి చూశాను. గేము డబ్బా ముందు భాగంలో చిన్న ఎర్ర దీపం వెలిగింది. డబ్బాకు ఏమీ కాలేదు. నిక్షేపంగా ఉంది. అంతకంటే గట్టి అడాప్టరు ఒకటి, సీసీ కెమెరాలకు వాడేది, మంథని దాకా వెళ్లినా గంటలో దొరుకుతుంది. మరునాడు మామ ఆడుకునేవాడు.

ఆ దీపం వంక ఎంతసేపు చూశానో చెప్పలేను. బాగు చేసి ఇస్తే నాకే పేరు వచ్చేది, మీకు ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. కానీ ఆ పేరు కూడా ఆమె తెచ్చిన డబ్బాకే పోతుంది. రోజూ మామ ఆమె వస్తువు ముందు కూర్చుంటాడు. రోజూ ఆమె పేరే తలుస్తాడు. తీగలు పీకేశాను. పొద్దున ఫోను చేసి, లోపల బోర్డు కూడా కాలింది, ఇక పనికిరాదని చెప్పాను.

నాలుగు రోజులకు మమత వెళ్లిపోయింది. కొత్త అడాప్టరు పంపనా అని వెళ్లే ముందు అడిగితే, డబ్బాయే కాలిపోయాక ఎందుకని వద్దన్నాను. జపానోళ్లు చెత్త అంటగట్టారని చుట్టాలన్నారు. నలుగురిలాగా కొత్తది కొంటే ఏం పోయేదని అత్త కూడా తిట్టింది. ఆ తిట్లన్నీ ఆమె తలవంచుకుని పడింది. నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. అనుమానిస్తే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

రిమోటు మామ దగ్గరే ఉండిపోయింది. ఎవరూ తీసుకోబోలేదు. అది సెల్లులతో నడుస్తుంది. ఎడమ చేత్తో దాని బొత్తాం నొక్కితే నాలుగు చిన్న నీలం దీపాలు కాసేపు మిణుకుమిణుకుమని, డబ్బా దొరక్క ఆరిపోతాయి. మామ రోజూ అది నొక్కేవాడు. నొక్కి, కుడి చేతిలో పెట్టుకుని, ఆగిపోయిన టీవీ వైపు చెయ్యి ఊపడానికి చూసేవాడు. బిడ్డ ఈసారి మంచిది తెస్తుంది, అప్పటికి అలవాటు ఉండాలె అనేవాడు. చెయ్యి ఒడిలోంచి బెత్తెడు లేచేది. ఎదురుగా ఏమీ పడకపోతే ఎవరైనా ఎన్నాళ్లు ఊపుతారు? మూడు నెలలు గడిచాయి. ఆరు నెలలు గడిచాయి. చెయ్యి బిగుసుకుపోయింది. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. తర్వాత ఊపడం మానేశాడు గానీ బొత్తాం నొక్కి దీపాలు చూడటం మానలేదు.

సెల్లులు అయిపోయినప్పుడు నన్నే అడిగేవాడు. "అల్లుడా, సెల్లులు తే." నేను తెచ్చేవాణ్ని. కాలనీ దుకాణంలో కొని, నా చేత్తోనే పాతవి తీసి కొత్తవి వేసేవాణ్ని. నాలుగుసార్లు తెచ్చాను. నీలం దీపాలు వెలగగానే ఆయన నా వంక చూసి, మంచి పని చేశావన్నట్టు తల ఊపేవాడు. డబ్బా అదే ఇంట్లో, అటక మీద అట్టపెట్టెలో ఉంది. నేనే పెట్టాను.

రెండో ఏడాది దాటాక చెబితే ఏమయ్యేది? చెయ్యి ఎట్లాగూ రాదు, చెప్పి ఏం లాభం అనుకున్నాను. మొదటి నెలలో చెప్పకపోవడానికి మాత్రం నా దగ్గర ఏ సాకూ లేదు. ఇన్నేళ్లు వెతికాను. ఒక్కటి కూడా దొరకలేదు.

రెండేళ్ల కింద మామకు పక్షవాతం మళ్లీ వచ్చింది. ఈసారి దవాఖాన దాకా కూడా రాకుండానే పోయాడు. మమత మూడో రోజుకు చేరింది. దినాలప్పుడు ఆడవాళ్ల మధ్య కూర్చుని, బాపు చెయ్యి నేనే కరాబు చేసిన, ఆశ పెట్టి కాల్చిన అని ఏడ్చింది. నేను రెండు గజాల దూరంలో విస్తర్లు వేస్తున్నాను. నా చేతిలో విస్తరి కూడా ఆగలేదు. వరుస తప్పకుండా వేసుకుంటూ పోయాను. వాళ్లలో ఒకావిడ, మీ బావ కొడుకులాగా చేసిండు బిడ్డా, నువ్వు రంది పెట్టుకోకు అని ఆమెను ఓదార్చింది. మమత నా వంక చూసి రెండు చేతులూ జోడించింది. అప్పుడు ఆమె మీద ఎంత కోపం వచ్చిందో. ఎందుకు మొక్కాలి నాకు?

పోయిన నెల అత్తను మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఊళ్లో ఇల్లు కిరాయికి ఇవ్వడానికి సామాను తీస్తుంటే స్వరూపకు ఆ అట్టపెట్టె కనబడింది. పారెయ్యమని నాకు ఇచ్చింది. పారేయలేదు. స్వరూప అత్తను తీసుకుని కంటి డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు, గట్టి అడాప్టరు తెచ్చి తగిలించాను. టీవీకి తీగలు పెట్టాను. రిమోటులో కొత్త సెల్లులు వేశాను.

ఒక్క స్విచ్చుకే నడిచింది. చదవరాని అక్షరాలు వచ్చాయి, ఏవో బొత్తాలు నొక్కుకుంటూ పోయాను. ఆట మొదలయ్యే ముందు ఎవరు ఆడతారో ఎంచుకోమన్నట్టు బొమ్మ ముఖాలు వరుసగా వచ్చాయి. మొదటిది బట్టతల, తెల్లటి గుబురు మీసం. మామ. పక్కన కొప్పుతో అత్త. తర్వాత స్వరూప. మమత వచ్చే ముందే, అక్కడ జపాన్‌లో తన గదిలో కూర్చుని, ఒక్కొక్కరి బొమ్మనూ తయారు చేసి పెట్టింది. నాలుగో ముఖానికి కళ్లద్దాలున్నాయి, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ ఉంది. నా చెంప మీద ఎక్కడుందో సరిగ్గా అక్కడే పెట్టింది. నన్ను మామ పక్కన కూర్చుని ఆడమని తెచ్చింది.

ఏడ్చానని రాస్తే మీకు బాగుంటుంది. ఏడవలేదు. ఆ ముఖాలు కళ్లు ఆర్పుతూ నిలబడే ఉన్నాయి. స్వరూప, అత్త లోపలికి వచ్చిన సంగతి నాకు తెలియలేదు. స్వరూప టీవీ వంక చూసి తండ్రిని గుర్తుపట్టింది.

"ఇది కాలిపోయిందంటివి గద," అంది.

"లేదు. ఎన్నడు కాలిపోలె."

"బాపు ఉన్నప్పుడు గుడ నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను. "మొదటి రోజే తెలుసు."

అత్తకు కంటిలో వేసిన మందు వల్ల టీవీ కనబడలేదు, ఏందది అని అడుగుతూనే ఉంది. స్వరూప ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టి వచ్చింది. నన్ను తిట్టలేదు. ఫోను తీసి చెల్లెలికి కలిపి, మోగుతుండగానే నా చేతిలో పెట్టి, నువ్వే చెప్పు అంది.

మమత ఎత్తింది. ఏంది బావా, అందరు మంచిగున్నరా అంది. చెప్పడం మొదలుపెట్టాను. వంద అని చదివిన సంగతి చెప్పాను. ఆదివారం బావిలోకి దిగి దాక్కున్న సంగతి, ఎర్ర దీపం సంగతి చెప్పాను. ఆగితే మళ్లీ నోరు రాదని ఆగలేదు. అవతల చప్పుడు లేదు, వింటోందనుకున్నాను. సెల్లుల దాకా చెప్పాను. విస్తర్ల దాకా చెప్పాను. అంతా అయిపోయాక ఫోను చెవి నుంచి తీసి చూస్తే ఆమె ఎప్పుడో పెట్టేసింది.

తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. స్వరూప నాకు అన్నం పెడుతోంది, మాట్లాడటం లేదు. ఆమె మాట్లాడాలని అడిగే ముఖం నాకు లేదు. ఎదలో మాత్రం కొంచెం ఖాళీ అయింది. అది నాకు దక్కాల్సింది కాదని తెలిసినా అయింది, కాలేదని అబద్ధం చెప్పను. మమత ఎక్కడిదాకా విని పెట్టేసిందో నాకు తెలియదు. మామకు నాలుగుసార్లు సెల్లులు తెచ్చి ఇచ్చానన్న మాట ఆమె చెవిన పడిందో లేదో తెలియదు. అందుకే ఏదీ వదలకుండా మొత్తం ఇక్కడ రాశాను.